గుండె ఆగిన తిథా, మెదడు ఆగిన తిథా? అవయవదానం తరువాత ఆబ్దికం గురించి ఒక సందేహం

పెన్న ఒడ్డు రాసినది:

బెంగళూరులో ఉంటున్న తెలుగువారిలో శాస్త్రం తెలిసిన పెద్దలనూ వైద్యులనూ ఉద్దేశించి ఈ ప్రశ్న అడుగుతున్నాను. నిరుడు ఫాల్గుణంలో మా పెదనాన్నగారి పెద్దబ్బాయి బళ్ళారి రోడ్డు మీద బైకు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలి ఇక్కడి ఒక ఆస్పత్రిలో చేరాడు. నవమి రాత్రి వైద్యులు రెండోసారి పరీక్షలు చేసి మెదడు పూర్తిగా పోయిందని ధ్రువీకరించారు. పెదనాన్న, పెద్దమ్మ ఆ రాత్రే మాట్లాడుకుని అవయవదానానికి సంతకం చేశారు. మరునాడు, అంటే దశమి మధ్యాహ్నం, ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళేదాకా వాడి గుండె కొట్టుకుంటూనే ఉంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది. పెద్దమ్మ వాడి అరికాళ్ళు చేత్తో పట్టుకుని స్ట్రెచర్ వెంట ఆ గది తలుపుదాకా నడిచింది.

మరణ ధ్రువపత్రంలో నవమి నాటి తేదీ ఉంది. హిందూపురంలో మా పురోహితులు మాసికాలన్నీ దశమి నాడే పెట్టించారు, ఎందుకంటే ఆయనకు ఎవరూ కాగితం చూపించలేదు, ఆయనా అడగలేదు. ఇప్పుడు సంవత్సరీకం బెంగళూరులో, తమ్ముడి ఇంట్లో పెట్టాలనుకుంటున్నాం. ఇక్కడి పురోహితులు ధ్రువపత్రం చూసి నవమి నాడే పెట్టాలని అంటున్నారు. పెద్దమ్మ ఒప్పుకోవడం లేదు. "గుండె కొట్టుకుంటున్న బిడ్డను ముందురోజే పోయాడని నేనెట్లా అనుకునేది?" అని ఆమె అడుగుతోంది. ఆ మాట వెనుక ఇంకో భయం ఉందని నాకు అనిపిస్తోంది: వాడు దశమి నాడు పోయి ఉంటే, తాము సంతకం పెట్టింది బతికున్న మనిషి మీదనా అన్న భయం అది. ఆ భయాన్ని ఆమె నోటితో అనలేదు, నేనూ ఎత్తలేదు.

అపరాహ్ణం రాసినది:

నేను రాజాజీనగర్ ప్రాంతంలో పౌరోహిత్యం చేస్తుంటాను. అపరకర్మలు కూడా చేయిస్తాను. మీ ప్రశ్నకు ధర్మశాస్త్ర గ్రంథాలలో నేరుగా సమాధానం ఉండదు, ఎందుకంటే అవి రాసిన కాలంలో ఊపిరి, గుండె, స్పృహ కొద్దిసేపటి తేడాతో కలిసే ఆగిపోయేవి. యంత్రం వాటిని విడదీసింది. అయితే మరణం ఒక్క క్షణంలో జరిగే ఘటన అని మనవాళ్ళు ఎన్నడూ అనుకోలేదు. ఛాందోగ్యంలో ఆరో అధ్యాయం చూడండి. రోగి చుట్టూ బంధువులు చేరి "నన్ను గుర్తుపట్టావా, నన్ను గుర్తుపట్టావా" అని అడుగుతుంటారు. వాక్కు మనస్సులోను, మనస్సు ప్రాణంలోను, ప్రాణం తేజస్సులోను, తేజస్సు పరదేవతలోను లీనమయ్యేవరకు అతడు గుర్తుపడుతూనే ఉంటాడని అక్కడ ఉంది. తేజస్సు అంటే ఒంటి వేడి అని భాష్యకారులు చెప్పారు. ఈ క్రమాన్ని పట్టుకుని చూస్తే మీ అన్నగారి వాక్కు, మనస్సు, సొంత ఊపిరి నవమి నాటికే వెళ్ళిపోయాయి; వేడి ఒక్కటే యంత్రం ఆసరాతో దశమిదాకా నిలిచింది. కాబట్టి మీ పెద్దమ్మగారు తాకింది నిజమే, వైద్యులు రాసిందీ నిజమే.

ఇక ఆచరణ విషయానికి వస్తే, సంవత్సరమంతా మాసికాలు ఏ తిథిని పట్టుకుని జరిగాయో ఆ తిథినే ఆబ్దికానికీ పట్టుకోవడం ఉచితమని నా అభిప్రాయం. మృతతిథి బొత్తిగా తెలియనప్పుడు ఆ మాసంలోని అమావాస్య నాడో కృష్ణ ఏకాదశి నాడో పెట్టమని చెప్పిన శాస్త్రం, పన్నెండేళ్ళు జాడ తెలియనివారికి దర్భలతోనూ మోదుగాకులతోనూ బొమ్మ కట్టి దహనం చేయమని చెప్పిన శాస్త్రం, మీ ఇంటి దశమిని తప్పుపట్టదు. ప్రభుత్వ కాగితంలోని తేదీ బీమాకూ బ్యాంకుకూ పనికివస్తుంది. పిండానికి ఆ కాగితం అవసరం లేదు.

రాత్రి డ్యూటీ రాసినది:

నేను ఈ ఊళ్ళోనే ఐసీయూలో పనిచేసే వైద్యుడిని. ఆ తల్లిగారి మనసులో ఉన్న, ఆమె పైకి అనని ప్రశ్నకు సమాధానం ఇవ్వడం నా బాధ్యత అనుకుంటున్నాను.

గుండెకు తన లయను తానే పుట్టించుకునే శక్తి ఉంది. దానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు, ప్రాణవాయువు అందితే చాలు. ఊపిరి అట్లా కాదు. ఊపిరికి ఆజ్ఞ మెదడు కాండం (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) నుంచే రావాలి, అది చచ్చిపోతే ఊపిరి ఇక రాదు. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతున్నంత కాలం రొమ్ము కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. పరీక్షలో మేము కంట్లో వెలుతురు వేసి కనుపాప ముడుచుకుంటుందేమో చూస్తాం, కంటి నల్లగుడ్డును దూదితో తాకుతాం, చెవిలో మంచులాంటి చల్లని నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయేమో గమనిస్తాం, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తాం. చివరగా వెంటిలేటర్ తీసి, ప్రాణవాయువు మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఒక్క శ్వాసకైనా ప్రయత్నం జరుగుతుందేమో కనిపెట్టి కూర్చుంటాం. ఇదంతా కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు చేయాలి, నలుగురు వైద్యులు సంతకం చేయాలి, వారిలో అవయవాలు మార్చే బృందానికి చెందినవారు ఒక్కరూ ఉండకూడదు. రెండో పరీక్ష ముగిసిన సమయాన్నే మరణ సమయంగా రాస్తాం. కోమా వేరు. కోమాలో ఉన్నవారి మెదడు కాండం పనిచేస్తూనే ఉంటుంది, వారిలో కొందరు లేచి ఇంటికి వెళ్తారు. బ్రెయిన్ డెత్ సక్రమంగా ధ్రువీకరించిన తరువాత తిరిగి వచ్చినవారు లేరు.

ఆమె పట్టుకున్న కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, నిజమే. ఆ వెచ్చదనం యంత్రం ఇచ్చింది. సంతకం పెట్టింది బతికున్న బిడ్డ మీద కాదని ఆమెకు చెప్పండి. నా మాటగా చెప్పినా సరే.

అడ్డుప్రశ్న రాసినది:

వైద్యులు గారు చెప్పిన శరీరశాస్త్రంలో నాకు అనుమానం లేదు. కానీ ఒక విషయాన్ని అందరూ దాటవేస్తున్నారు. అదే ఐసీయూలో, అవే పరీక్షల తరువాత, కుటుంబం అవయవదానానికి ఒప్పుకోలేదనుకుందాం. అప్పుడు వెంటిలేటర్ నడుస్తూనే ఉంటుంది, గుండె దానంతట అది ఆగేదాకా బిల్లు పెరుగుతూనే ఉంటుంది, ధ్రువపత్రంలో గుండె ఆగిన తేదీ పడుతుంది. అంటే ఒకే మంచం మీద ఉన్న ఒకే దేహం, తల్లిదండ్రులు సంతకం పెడితే నవమి నాడు మృతదేహం అవుతుంది, పెట్టకపోతే ఏకాదశిదాకా రోగిగా ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం మరణాన్ని మరణంగా గుర్తించింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం మాత్రం జీవలక్షణాలన్నీ శాశ్వతంగా అంతరించడాన్నే మరణం అంటుంది. చావు అనేది మనిషికి జరిగే సంగతి అయినప్పుడు అది ఇంకొకరి సంతకం మీద ఎట్లా ఆధారపడుతుంది? పెద్దమ్మగారి సందేహాన్ని చదువులేని తల్లి బెంగగా తీసిపారేయకండి. ఆమె అడిగిన ప్రశ్నే చట్టంలోనూ తెరిచి ఉంది.

రాత్రి డ్యూటీ రాసినది:

మీరు చెప్పింది నిజం. ఐసీయూలలో మమ్మల్ని రోజూ వేధించే విషయం కూడా అదే. కేరళ ప్రభుత్వం 2020లో ఈ చిక్కును విప్పడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. దానం ఉన్నా లేకపోయినా బ్రెయిన్ డెత్ ధ్రువీకరించాక యంత్రం తీయవచ్చునని అవి చెబుతాయి. మిగతా చోట్ల వైద్యులు భయపడతారు. కోలుకునే ఆశ లేని రోగికి చికిత్స ఉపసంహరించడం గురించి సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పును, 2023లో సరళం చేసిన విధానాన్ని అనుసరించి కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి చివరలో ఒక ఉత్తర్వు జారీ చేసింది. అయితే ఆ దారిలో రెండు వైద్యమండళ్ళు, మేజిస్ట్రేటుకు సమాచారం, ఇంకా చాలా తతంగం ఉంటుంది. మెదడు పోయిన మనిషి విషయంలో అంత తతంగం అక్కరలేదని నేననుకుంటాను, కానీ నా అనుకోలు చట్టం కాదు.

కాళహస్తి వాసి రాసినది:

చర్చ చట్టాల వైపు వెళ్ళిపోతోంది కనుక ఒక మాట గుర్తుచేస్తాను. మన సంప్రదాయంలో దేహదానానికి అడ్డు ఎక్కడా లేదు. దధీచి వెన్నెముక ఇచ్చాడు, శిబి తొడమాంసం కోసి తూచాడు, మా ఊరి తిన్నడు తన కన్ను పెకలించి శివుడికి పెట్టి కన్నప్ప అయ్యాడు. బెంగళూరులో ఉన్నవారికి ఇంకా దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. 2006లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారి కళ్ళు దానం చేశారు, 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు ఆయన కళ్ళను కూడా ఇచ్చారు. ఒక్కో కార్నియాను పొరలుగా విడదీసి నలుగురికి చూపు తెప్పించారు. ఆ తరువాత నేత్రదానానికి పేర్లు ఇవ్వడానికి జనం బారులు తీరారు. అదే ఏడాది జూన్‌లో నటుడు సంచారి విజయ్ ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయినప్పుడు వారి కుటుంబమూ అవయవదానం చేసింది. పోయినవారి దేహంతో నలుగురు బతుకుతారని తెలిసీ బూడిద చేసుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అజ్ఞానం తప్ప దానికి ఇంకో కారణం కనిపించదు.

మడకశిర ఆడపడుచు రాసినది:

కాళహస్తి వాసి గారూ, మీ పై మాటలోని చివరి వాక్యాల కోసమే ఇది రాస్తున్నాను. తిన్నడు తన కన్ను తానే పెకలించుకున్నాడు, శిబి తన తొడ తానే కోసుకున్నాడు, దధీచిని దేవతలు వచ్చి అడిగితే ఆయనే సరేనన్నాడు. తిన్నడి తల్లిని పిలిచి "మీ అబ్బాయి కన్ను ఇస్తారా, గంటలో చెప్పండి" అని ఎవరూ అడగలేదు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నవారిని అడిగేది మాత్రం ఆ ప్రశ్నే.

మా ఇంట్లో ఆ ప్రశ్నకు మేము కాదన్నాం. ఆస్పత్రి పేరు అనవసరం. పొద్దున మా దగ్గరికి వచ్చి ఇంకా ఎంత కట్టాలో చెప్పి ఫైలు మూసుకుని వెళ్ళిన మనిషే సాయంత్రం ఇంకో ఫైలుతో వచ్చి, గొంతు తగ్గించి, ఎనిమిది మందికి ప్రాణం పోయవచ్చునని చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ఆ గొంతును మాత్రం మేము నమ్మలేకపోయాం. కిడ్నీల అమ్మకాల వార్తలు మన జిల్లాలలో ఎన్ని చదివాం, మద్రాసులో విల్లివాక్కానికి కిడ్నీవాక్కం అని పేరు పడిందని ఎవరికి తెలియదు? అటువంటి చోట తండ్రి వెనకడుగు వేస్తే దాన్ని అజ్ఞానం అనగలరా? మేము మూఢనమ్మకంతో కాదనలేదు. ఎవరిని నమ్మాలో తెలియక కాదన్నాం. పురాణాల పేర్లు చెప్పి దానాన్ని పొగిడేవారు, దానం చేయనివారిని పాపాత్ముల వరుసలో నిలబెడుతున్నామని గ్రహించడం లేదు. అడిగి పుచ్చుకునే దానంలో కాదనే హక్కు లేకపోతే అది దానం ఎట్లా అవుతుంది?

రాత్రి డ్యూటీ రాసినది:

ఆడపడుచు గారు చెప్పినటువంటి పద్ధతి తప్పు. బిల్లు చూసే మనిషి దానం గురించి మాట్లాడకూడదు. దానికి శిక్షణ పొందిన కోఆర్డినేటర్ వేరుగా ఉండాలి. మరణవార్త చెప్పడానికీ దానం ప్రస్తావించడానికీ మధ్య కుటుంబానికి కొంత సమయం ఇవ్వాలి. ఇంకో సంగతి కూడా ఇక్కడ చదివేవారు గుర్తుంచుకోవాలి. కుటుంబం ఒప్పుకున్న తరువాత ఆ దేహాన్ని నిలబెట్టడానికీ అవయవాలు తీయడానికీ అయ్యే ఖర్చును దాత కుటుంబం నుంచి వసూలు చేయకూడదని 2014 నాటి నియమాలలో స్పష్టంగా ఉంది. ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా ఇవ్వమనండి.

దేహాన్ని కోయడం గురించిన భయం కూడా చాలామందిలో చూస్తుంటాను. రోడ్డు ప్రమాదంలో పోయినవారికి అవయవదానం ఉన్నా లేకపోయినా పోస్టుమార్టం తప్పదు. కనుక "మా బిడ్డను కోయనివ్వం" అని దానాన్ని కాదన్న తల్లిదండ్రులకు ఆ తరువాత పోలీసు కాగితాలతో మార్చురీ చూపించవలసి వస్తుంది. ముందుగానే ఆ విషయం వారికి ఎవరూ చెప్పరు. దానం ఇచ్చినప్పుడు కుట్లు శ్రద్ధగా వేసి, తుడిచి, గుడ్డ కప్పి అప్పగిస్తారు.

ఫ్రేజర్ టౌన్ రాసినది:

మేము తెలుగు క్రైస్తవులం, నెల్లూరు నుంచి మా తాతగారి కాలంలో ఇక్కడికి వచ్చాం. మా నాయనమ్మ పునరుత్థాన దినాన కళ్ళు లేకుండా లేవవలసి వస్తుందేమోనని భయపడేది. ఆమెకు మా పాస్టరు గారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం చదివి వినిపించారు. క్షయమైనదిగా విత్తబడేది అక్షయమైనదిగా లేస్తుందని అందులో ఉంది. కేథలిక్కుల విషయం తీసుకుంటే, పోప్ రెండవ జాన్ పాల్ 2000 ఆగస్టు 29న రోములో అవయవమార్పిడి నిపుణుల సమావేశంలో మాట్లాడుతూ, కచ్చితమైన పరీక్షలతో నిర్ధారించిన మెదడు మరణాన్ని అంగీకరించవచ్చునన్నారు. దాత తెలిసి, ఇష్టపడి ఇవ్వాలన్నది అదే ప్రసంగంలోని షరతు. ఆడపడుచు గారి వాదన అక్కడ కూడా నిలుస్తుందని చెప్పడానికే ఇది రాశాను.

కదిరి మల్లె రాసినది:

మా ముస్లింలలో అభిప్రాయం ఒకటిగా లేదు. ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) అకాడమీ 1986లో అమ్మాన్‌లో మెదడు మరణాన్ని అంగీకరించింది, 1988లో జెద్దాలో షరతులతో అవయవమార్పిడిని అనుమతించింది. మన దేశంలోని ఉలమాలో, అంటే మతపండితులలో, ఒప్పుకునేవారూ ఉన్నారు, దేహం మనిషి సొత్తు కాదని, అల్లాహ్ అప్పగించిన అమానతు అని చెప్పి కాదనేవారూ ఉన్నారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా మేనమామకు కిడ్నీ అవసరమైనప్పుడు బతికున్న చెల్లెలు, అంటే మా అమ్మ, ఇవ్వవచ్చునని పెద్దలు త్వరగానే తేల్చారు. అమానతు అన్న మాట ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు. మా అమ్మ సంతోషంగానే ఇచ్చింది, ఇద్దరూ బాగున్నారు. కానీ చనిపోయినవారి దేహం విషయంలో అంత పట్టుబట్టే ధర్మసూక్ష్మం బతికున్న స్త్రీ దేహం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మెత్తబడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మడకశిర ఆడపడుచు రాసినది:

మల్లె గారి మాట ఏ మతానికి చెందిన ఇంట్లోనైనా సరిపోతుంది. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో అత్యధికులు స్త్రీలు, పుచ్చుకునేవారిలో అత్యధికులు పురుషులు. భార్య ఇస్తే అది సహజం, భర్త ఇస్తే అది వార్త. 2025 ఆగస్టులో జాతీయ అవయవ మార్పిడి సంస్థ ఎదురుచూసేవారి జాబితాలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని రాష్ట్రాలకు సూచించవలసి వచ్చిందంటే సంగతి ఎంతదాకా వెళ్ళిందో ఊహించుకోండి. ఐసీయూలో పోయినవారి అవయవాలు ఎక్కువగా దొరికితే ఇళ్ళలో ఆడవారి మీద ఈ ఒత్తిడి తగ్గుతుందని ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఆ రోజు నేను ఇంకాసేపు ఆలోచించి ఉండేదాన్నేమో. ఎనిమిది ప్రాణాలన్న లెక్క కన్నా ఆ మాట నాకు బాగా తగిలేది.

కావేరి నీళ్ళు రాసినది:

ఇప్పటిదాకా ఇచ్చినవారి వైపు నుంచే మాటలు నడిచాయి. నేను పుచ్చుకున్న ఇంటి మనిషిని. మావారికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ జరిగేది. నీళ్ళు కూడా గ్లాసుతో కొలుచుకుని తాగేవారు. నా రక్తం గ్రూపు కలవలేదు. కర్ణాటకలో అవయవదానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ జీవసార్థకతే జాబితాలో పేరు రాయించి చాలా కాలం ఎదురుచూశాక ఒక అర్ధరాత్రి ఫోను వచ్చింది. ఆ ఫోను వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది, ఎందుకంటే ఆ ఫోను మోగాలంటే ఈ ఊళ్ళోనే ఇంకో ఇంట్లో ఏం జరిగి ఉండాలో నాకు తెలుసు. జాబితాలో పేరు ఉన్నన్నాళ్ళూ వర్షం పడి రోడ్లు జారుతున్న రాత్రుల్లో నా మనసు ఎక్కడికి పోయేదో ఇక్కడ రాయలేను.

దాత ఎవరో మాకు చెప్పరు, మేము ఎవరమో వారికి చెప్పరు. డబ్బుల బేరాలూ బాంధవ్యాల ఒత్తిళ్ళూ రాకుండా ఉండాలంటే అది మంచి నియమమే. కానీ రుణం ఎవరికి తీర్చుకోవాలో తెలియకపోవడం కూడా ఒక బరువు. అబ్బాయో అమ్మాయో, ఏ కులమో, ఏ మతమో, ఏ భాష మాట్లాడేవారో తెలియని మనిషి అవయవం మావారి పొత్తికడుపులో ఉంది. పంతులు గారిని అడుగుతున్నాను. గోత్రనామాలు తెలియని ఆ మనిషికి మా ఇంట్లో మహాలయ పక్షంలో నీళ్ళు వదలవచ్చునా? మా అత్తగారు, పరాయివారికి తర్పణం చేస్తే మన పితృదేవతలకు కోపం వస్తుందని అంటున్నారు.

అపరాహ్ణం రాసినది:

అమ్మా, నిస్సంకోచంగా వదలవచ్చు. మీ మామగారు గతించి, మీవారికి తర్పణాధికారం ఉంటే ఆయన చేత చేయించండి. మహాలయంలో తల్లి వైపు, తండ్రి వైపు వారితో ఆగకుండా గురువు, స్నేహితుడు, ఆశ్రితుడు మొదలైన వారికి కూడా తిలోదకాలు ఇస్తాం. వారిని కారుణ్య పితరులంటారు. రక్తసంబంధం లేని ఉపకారికి చోటు అక్కడ ముందే ఉంది. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం. పేరు తెలియదు కనుక "నా ప్రాణదాత" అని తెలుగులోనే చెప్పుకున్నా దోషం లేదు. ఇక తర్పణం చివర "యేషాం న మాతా న పితా న బంధుః" అని ఒక శ్లోకం వస్తుంది. తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివారంతా ఈ దర్భోదకంతో తృప్తి పొందాలని దాని భావం. ఊరూ పేరూ తెలియనివారికి నీళ్ళు వదలడం మీ అత్తగారికి కొత్తగా అనిపిస్తోంది గాని, ఆవిడ మామగారూ ఆయన తండ్రిగారూ ఆ పని జీవితమంతా చేసే ఉంటారు.

దాత వేరే మతానికి చెందినవారైతే ఏమిటని మీరు అడగకపోయినా చెబుతున్నాను. నువ్వులూ నీళ్ళూ మీ కృతజ్ఞత. అవతలివారి మతం మార్చే శక్తి వాటికి లేదు.

అడ్డుప్రశ్న రాసినది:

నాకు కర్మకాండ మీద నమ్మకం లేదు కనుక ఈ తర్పణ విషయంలో జోక్యం చేసుకోను. కావేరి నీళ్ళు గారి మాటకు మాత్రం ఒకటి చేర్చాలనిపిస్తోంది. 2025 ఆగస్టు 1 రాత్రి వైట్‌ఫీల్డ్ నుంచి రాజరాజేశ్వరీనగర్‌దాకా ఒక కాలేయాన్ని మన మెట్రో రైల్లో తీసుకువెళ్ళారు. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్ మెట్రో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌దాకా పదమూడు కిలోమీటర్లు పదమూడు నిమిషాల్లో గుండెను చేర్చింది. ఇక్కడి వార్త వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరూ ఎంత సమయం పట్టింది, ట్రాఫిక్‌ను ఎట్లా తప్పించుకున్నారు అనే మాట్లాడుకున్నారు. ఆ పెట్టె బయలుదేరిన చోట ఒక కుటుంబం ఉందని ఎవరూ ప్రస్తావించలేదు. వేగాన్ని మెచ్చుకోవడం తేలిక. తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు నుంచి దాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపిస్తోంది. నాస్తికుడినైన నాకు కూడా అది సరైన పని అనిపించింది. రాజ్యం ఒక సామాన్యుడి పాడె ముందు నిలబడే సందర్భాలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి?

పెన్న ఒడ్డు రాసినది:

అందరికీ ధన్యవాదాలు. పంతులు గారి సమాధానం, వైద్యులు గారి మొదటి సమాధానం పెద్దమ్మకు చదివి వినిపించాను. మొదటిదానికి ఆమె తల ఊపింది. రెండోది మళ్ళీ చదవమంది. దశమి నాడే పెట్టాలని తేలింది. ఇక్కడి పురోహితులు కూడా మాసికాల సంగతి చెప్పాక ఒప్పుకున్నారు. అస్థికలు శ్రీరంగపట్నం దగ్గర పశ్చిమవాహినిలో, కావేరిలో, కలిపిన రోజు నుంచి ఆమె ఆ ఊరి పేరు ఎత్తలేదు, ఇప్పుడు ఆబ్దికం అయ్యాక ఒకసారి వెళ్ళివద్దామంటోంది. కావేరి నీళ్ళు గారు రాసింది మాత్రం ఆమెకు చదవలేదు. చదవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

బసవనగుడి రాసినది:

చర్చ ముగింపుకు వచ్చినట్టుంది, అయినా ఒక ఆచరణ ప్రశ్న అడుగుతాను. మా నాన్నగారికి ఎనభై దాటాయి, చక్కెర వ్యాధి ఉంది, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి. ఆస్పత్రికి ఇక తీసుకువెళ్ళవద్దని, ఇంట్లోనే పోతానని ఆయన కచ్చితంగా చెప్పారు. కళ్ళు ఇవ్వాలని కూడా కోరిక. ఇంట్లో పోయినవారి గుండె, కాలేయం పనికిరావని ఈ చర్చ చదివితే అర్థమైంది. కళ్ళ సంగతి ఏమిటి? నేలమీద దర్భలు పరిచి దక్షిణం తలగా పడుకోబెట్టాక కంటి బ్యాంకు వారిని రానివ్వవచ్చునా, లేక వారు వచ్చి వెళ్ళాక ఆ పని చేయాలా?

అపరాహ్ణం రాసినది:

ఎప్పుడు వచ్చినా అభ్యంతరం లేదు. తులసితీర్థం పోయడం ప్రాణం ఉండగానే జరగాలి, భూశయనం కూడా అంతే. వారి పని స్నానం చేయించడానికి ముందు పూర్తయితే మంచిది, ఎందుకంటే స్నానం, కొత్తవస్త్రం అయ్యాక మళ్ళీ దేహాన్ని కదిలించడం ఇంట్లోవారికి కష్టంగా ఉంటుంది. వారికి ఫోను చేసిన తరువాతనే నాలాంటివారికి చేయండి. నేను గంట ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

రాత్రి డ్యూటీ రాసినది:

చక్కెర వ్యాధి, శుక్లాల ఆపరేషన్, కళ్ళద్దాలు ఏవీ అడ్డు కావు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు. పోయిన ఆరు గంటల లోపల పని జరగాలి కనుక మీ ఇంటికి దగ్గరలోని కంటి బ్యాంకు నంబరు ఇప్పుడే గోడమీద రాసి పెట్టుకోండి. ఆ సమయంలో ఫోన్‌లో వెతకడం ఎవరి వల్లా కాదు. పోయిన వెంటనే రెప్పలు మూసి, వాటి మీద శుభ్రమైన తడిదూది పెట్టండి. ఫ్యాను ఆపేయండి, ఏసీ ఉంటే వేసి ఉంచండి. తల కింద రెండు దిళ్ళు పెట్టి కాస్త ఎత్తు చేయండి. దక్షిణం తల విషయంలో మాకు పేచీ లేదు. మీ ఇంటి వైద్యుడి చేత మరణ ధ్రువపత్రం రాయించి సిద్ధంగా ఉంచండి. వచ్చినవారికి ఇరవై నిమిషాలు పడుతుంది, పరీక్ష కోసం కొద్దిగా రక్తం కూడా తీసుకుంటారు. దగ్గరి బంధువు ఒకరు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. కనుక మీ నాన్నగారి కోరిక మీ ఒక్కరికే తెలిస్తే చాలదు. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే ఈ వారమే ఆయన చేతనే వాళ్ళకు ఫోన్‌లో చెప్పించండి. చివరి నిమిషంలో కాదనేది సాధారణంగా విమానం దిగి వచ్చినవారే.